చేదు తర్వాతి గుక్క

“కషాయం తాగినవాళ్ళలో ఇవాళ తన కాళ్ళ మీద తాను నిలబడింది మీ అమ్మగారొక్కరే. దీనికేమంటారు, బు వెనింగ్?”

స్టేషన్ అధికారి హర్గో ఆ మాట మూలికా వైద్యశాల వరండాలో, అందరికీ వినపడేటట్టు అన్నాడు. ‘బు’ అని గౌరవం తగిలించి మరీ పొడవడం అతనికి అలవాటు. బల్ల చివర కూర్చున్న వెనింగ్ తల్లి సుమిరా చేతిసంచీని ఒళ్ళోకి లాక్కుని తల దించుకుంది. సంచీలోంచి మనవరాలి నీళ్ళసీసా పసుపు మూత బయటికి కనిపిస్తోంది.

“అదృష్టం అంటాను,” అంది కేసు దర్యాప్తు చేస్తున్న పోలీసు అధికారి వెనింగ్.

“అదృష్టానికి నేను బేడీలు వేయలేను. మనుషులకు వేస్తాను.”

“వేయండి. ముందు ఏం జరిగిందో తెలుసుకుని వేయండి.”

“ఏం జరిగిందో ఈ కొండ మీద పిల్లాడికి కూడా తెలుసు. కషాయం కాచే ముసల్ది గియెమ్ కుండలో ఏదో కలిపింది. ఎవరికి చెప్పాలో వాళ్ళకి ముందే చెప్పింది.” హర్గో సుమిరా వైపు చూసి నవ్వాడు. “మధ్యాహ్నం నమాజు కాగానే గియెమ్‌ని జీపెక్కిస్తా. సొంత తల్లి ఇరుక్కున్న కేసు కూతురు చూడకూడదని సోలో నగరంలో మన పైవాళ్ళకి కబురు పెట్టాను. మీకూ ఫోనొస్తుంది.”

గియెమ్ జీపెక్కితే తర్వాతి పేరు ఎవరిదో హర్గో ఎదురుగానే చెప్పేశాడు.

నాలుగు రోజుల కిందట సర్వోనో చనిపోయాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. గుమ్మంలో చెప్పులు విడుస్తూ విడుస్తూ కూలిపోయాడు, మెదడులో నరం చిట్లింది. అతనూ సుమిరా ఒకే మందు పరీక్షలో పేరిచ్చినవాళ్ళు. సెలెరీ కాడలు, పిల్లిమీసాల ఆకు, సరస్వతి ఆకు, ఈ మూడూ కలిపి కాచిన కషాయం రక్తపోటును మాత్ర దించినంత బాగా దించుతుందని ఈ వైద్యశాల డాక్టర్ దనార్ నిరూపించబోయాడు. ఊళ్ళో బీపీ ఉన్నవాళ్ళను రెండు వరుసలు చేశాడు. ఒక వరుసకు మాత్ర, ఒక వరుసకు కషాయం. మొదట్లో కషాయం వరుసలో అందరికీ దిగింది. డాక్టరు మొహం వెలిగింది. తర్వాత ఉన్నట్టుండి ఎక్కడం మొదలైంది. సర్వోనో పోయాడు. మరో ఇద్దరు జిల్లా ఆసుపత్రిలో పడున్నారు, ఒంట్లో పొటాషియం అడుగంటి, గుండె తడబడుతూ. మిగిలినవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తున్నారు. సుమిరా మాత్రం పొద్దున్న మెట్లన్నీ ఎక్కి వచ్చింది.

“అమ్మా, నువ్వు ఇక్కణ్ణించి కదలకు,” అంది వెనింగ్.

“ఇంగ్గి,” అంది సుమిరా, సరే అన్నట్టు. “కినాంతి లేచి ఉంటుందే. పక్కింటి పార్తి దగ్గర వదిలి వచ్చాను.”

“లేస్తే లేస్తుంది. లేచినా అది నడవదుగా.”

ఆ మాటలో విసుగు తనకే వినపడింది. వారం నుంచీ పిల్లది ఒకటే పాట, ఎత్తుకో, ఎత్తుకో. మూడేళ్ళు దాటినా కాలు కింద పెట్టదు. అమ్మ డ్యూటీకి పోతోందని అలక అనుకుంది వెనింగ్. పొద్దున్న బలవంతంగా దింపి నిలబెడితే, గుమ్మం దగ్గర అలాగే చతికిలబడిపోయింది. ఏడవను కూడా లేదు. గారాబం ఎక్కువైందని తల్లిని నాలుగు మాటలని బయల్దేరింది.

హర్గో ముందు నడిచాడు. ఆమె వెనకాలే వంటపాకలోకి దిగింది.

గియెమ్ పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం నుంచీ కాపలా ఉన్న కానిస్టేబులు గుమ్మానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. హర్గో బూటు చప్పుడుకు ఉలిక్కిపడి నిలబడ్డాడు.

“మ్బా గియెమ్,” అని ముసలివాళ్ళను పిలిచే పిలుపుతోనే మొదలుపెట్టింది వెనింగ్.

“పిలుపుకేం లోటు లేదు. నిన్న ఈయన కూడా మ్బా అనే పిలిచి, నా డబ్బాలన్నీ నేల మీద బోర్లించాడు.”

“బోర్లిస్తేనే కదా ఇది దొరికింది.” హర్గో జేబులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి ఆమె మొహం ముందు ఆడించాడు. “ఉమ్మెత్తాకు. ఎండబెట్టి దాచింది. ఏ వంటింట్లో ఉంటుందిది?”

“ఉబ్బసం ఉన్న మొగుడున్న వంటింట్లో. చుట్ట చుట్టి పొగ పీలుస్తాడు. మీ నాన్నా పీల్చాడు, నేనే చుట్టిచ్చాను. అప్పుడు రావల్సింది బేడీలు పట్టుకుని.”

కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. హర్గో చెవులు ఎర్రబడ్డాయి.

“ఉమ్మెత్త తిన్నవాడికి కంటిపాప ఇంతవుతుంది, పా హర్గో,” అని తనూ గౌరవం తగిలించే అంది వెనింగ్. “నోరెండిపోతుంది, గోడలతో మాట్లాడతాడు. సర్వోనో పడిపోయే ముందు కూడా పెళ్ళాంతో కరెంటు బిల్లు గురించి మాట్లాడాడు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు మనల్ని గుర్తుపడుతున్నారు. ఆ సంచీ జేబులో పెట్టుకోండి.”

“అయితే ఇంకేదో కలిపింది.”

“కషాయంలో మూడాకులు తప్ప ఏమీ లేవని ల్యాబులో తేలింది. అది తేలబట్టే డాక్టరు కషాయం ఇవ్వడం ఆపలేదు.”

“శాంపిలు తీసుకెళ్ళిన రోజు మానేసి ఉంటుంది.”

“ఆ రోజు తీసుకెళ్తారని ఆవిడకి ఎవరు చెప్పారు? మీ స్టేషన్ వాళ్ళే తీసుకెళ్ళారు.”

హర్గో పళ్ళు బిగించి గోడ వైపు తిరిగాడు.

“మ్బా, ఇంకొక్కసారి అడుగుతున్నా. కషాయం కాకుండా వాళ్ళకి ఇంకేమిచ్చావు?”

“ఇంకేమీ లేదు. నిన్నా చెప్పాను, మొన్నా చెప్పాను. చచ్చాక దెయ్యాన్నై వచ్చి కూడా అదే చెప్తాను.”

ఇంకేమీ లేదు. డాక్టర్ దనార్ కూడా అవే మాటలన్నాడు. సర్వోనో భార్య అంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర సుమిరా అంది. నలుగురికీ ఎవరో నేర్పించారని హర్గో నమ్మకం. వెనింగ్‌కు అలా అనిపించలేదు. నేర్పిన అబద్ధాన్ని ఇంత చిరాగ్గా ఎవరూ చెప్పరు. ఈ నలుగురి కళ్ళకూ ఆననిది ఏదో ఇక్కడే ఉంది.

ఆమె మళ్ళీ మొదటినుంచీ చూడటం మొదలుపెట్టింది. మట్టికుండ, వడకట్టే గుడ్డ, వెదురు గరిటె. గోడకు రెండు అరలు. పై అరలో పొడవాటి గాజుగ్లాసులు, ఒక్కో దాని మీద ఒక్కో పేరు అంటించి ఉంది. సర్వోనో గ్లాసు ఇంకా తీయలేదు. కింది అరలో బొటనవేలంత చిన్న గిన్నెలు బోర్లించి ఉన్నాయి. వాటి మీద పేర్లు లేవు. ఇదివరకు రెండుసార్లు ఇదే అర ముందు నిలబడి పైవాటిని మాత్రమే చూసి వెళ్ళింది. ఇప్పుడు కిందది ఒకటి తీసి వేలు పెట్టింది. లోపల జిగురు.

“ఇవేమిటి?”

“గిన్నెలు.”

“గిన్నెలని కనిపిస్తోంది. ఎందుకు?”

గియెమ్ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “కషాయం తాగాక ఏం చేస్తారమ్మా? మీ ఇంట్లో చేదు పట్టించి, అదే నోటితో బయటికి తోస్తారా?”

వెనింగ్ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. చిన్నప్పుడు వీపున బుట్ట కట్టుకుని వీధిలోకి వచ్చే కషాయం ఆవిడ గుర్తొచ్చింది. చేదు గ్లాసు ఖాళీ చేసి మొహం చిట్లిస్తే, అడగకుండానే చిన్న గిన్నెతో తీపి అందించేది. దానికి ఎవరూ వెల కట్టరు. తాగినట్టు ఎవరూ గుర్తుంచుకోరు. చెయ్యి కడిగాక తుడుచుకున్నామని ఎవరైనా చెప్తారా? ఇదీ అంతే.

“నేనడిగితే ఇంకేమీ లేదన్నావు.”

“మీరు మందులు అడిగారు. ఇది మందా? తీపి గుక్క.”

“మాత్రల వరుసవాళ్ళకి ఇస్తావా?”

“వాళ్ళ నోరెందుకు చేదవుతుంది? నీళ్ళతో మింగి పోతారు.”

హర్గో తిరిగి చూశాడు. వెనింగ్ వేలికంటిన జిగురును నాలుక మీద పెట్టుకుంది. బెల్లం తీపైతే నోట్లో పడగానే వచ్చి, మింగగానే పోతుంది. ఇది ఆలస్యంగా వచ్చింది. వచ్చి నాలుక వెనకాల అతుక్కుని కూర్చుంది.

“ఇది బెల్లం కాదు.”

“ఇదివరకు బెల్లమూ అల్లమూ కాచేదాన్ని. రంజాన్ ఉపవాసాల పండగ అయ్యాక మానేశాం. షుగరున్నవాళ్ళకి బెల్లం మంచిది కాదని మందులగది లుకిత చెప్పింది. తనే ఏదో వేరు తెచ్చిస్తుంది. నీళ్ళల్లో వేసి మరిగిస్తే చాలు, చక్కెర అక్కర్లేదు.” గియెమ్ గొంతు కాస్త మెత్తబడింది. “మంచి పిల్ల. మీ అమ్మగారి గిన్నె అయితే నన్ను ముట్టుకోనివ్వదు, తనే రెండు చేతులా పట్టుకెళ్ళి ఇస్తుంది. పోలీసు తల్లి కదా, ఆ మాత్రం మర్యాద ఉండాలి.”

పండగ అయ్యాక. సర్వోనో బీపీ ఎక్కడం మొదలైంది కూడా పండగ అయ్యాకే. పిండివంటలు తిని ఉంటాడని డాక్టరు అతన్ని కోప్పడ్డాడట.

“ఆ వేరేదీ?”

గియెమ్ గడ్డంతో చూపించింది. పొయ్యి పైన వేలాడే ముంతలో ఉంది. వెనింగ్ ఒక ముక్క తీసి విరిచింది. పైన మట్టిరంగు, లోపల పసుపు, నారనారగా. హర్గో ముందుకు వంగి చూసి పెద్దగా నవ్వాడు.

“అతిమధురం. ఇంతసేపూ తవ్వి పట్టుకున్నది ఇదా? గొంతు బాగోకపోతే మా ఆవిడ ఇది నమిలి ఉమ్ముతుంది. నిక్షేపంలా బతికుంది. నన్ను తిట్టడంలో ఒక్క పూటా తగ్గలేదు.”

“గొంతు బాగోనప్పుడు ఒక ముక్క. రోజూ మరిగించి తాగుతుందా?”

“తీపి నీళ్ళకి మనిషి చచ్చాడని నేను సోలోకి ఫోన్ చేసి చెప్పాలా? చెవిలో పువ్వు పెట్టుకుని మరీ చెప్తాను.”

వెనింగ్ అప్పటికే జిల్లా ఆసుపత్రికి ఫోన్ కలిపింది. అక్కడి డాక్టరు మూడు రోజుల నుంచీ ఆమెను అడుగుతున్న ప్రశ్న ఒకటే, వీళ్ళు ఏం తాగారు. ఆమె వేరు పేరు చెప్పింది.

“రోజూనా?” అన్నాడాయన. “కాచిందా?”

“రోజూ. కాచిందే.”

“అయితే అన్నీ సరిపోయాయి. అది ఒంట్లో ఉప్పునీ నీళ్ళనీ పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి పారబోస్తుంది. బీపీ ఎక్కుతుంది, కండలు పట్టు తప్పుతాయి, ఆఖరికి గుండె. మేమిక్కడ ఒక చేత్తో ఎక్కిస్తుంటే అది రెండు చేతులా తోడేస్తోంది. ఇక ఏం చేయాలో నాకు తెలుసు. అమ్మా, ఇంకా ఎవరైనా తాగుతుంటే ఆపించండి. నిదానంగా మొదలవుతుంది. ముందు కాళ్ళు పోతాయి.”

ఆయన గొంతు బయటికి వినపడుతూనే ఉంది. హర్గో నవ్వు ఆపాడు. కానీ తగ్గలేదు.

“సరే. మరిగించింది ఎవరు? ఈవిడే. కాబట్టి ఈవిడ నాది.”

“మరిగించమని తెచ్చిచ్చింది?”

“బెల్లం బదులు వేరు ఇవ్వడం ఏ చట్టంలో నేరం?”

“రండి, అడుగుదాం.”

లుకిత మందులగదిలో సెలెరీ కాడలు తూస్తోంది. తలకు ముసుగు ఒక్క ముడత లేకుండా పిన్ను పెట్టి ఉంది. వీళ్ళను చూసి లేవలేదు. త్రాసు ముల్లు ఆగేదాకా చూసి, పళ్ళెం దించింది.

“తీపి గుక్కలో బెల్లం మాన్పించింది నువ్వేనా?”

“నేనే, బు. షుగరు రోగులకు బెల్లం మంచిది కాదు.”

తడబాటు లేదు. జవాబు ఎప్పుడో తూచి పొట్లం కట్టి పెట్టుకున్నట్టుంది.

“ఎవరికి షుగరు?”

“ఆ వయసులో చాలామందికి ఉంటుంది.”

మాటలు విని డాక్టర్ దనార్ తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయాడు. వెనింగ్ అతని వైపు తిరిగింది.

“పా దనార్, మీ కషాయం వరుసలో షుగరున్నవాళ్ళు ఎంతమంది?”

“ఒక్కరూ లేరు. షుగరుంటే మొదటిరోజే వద్దని పంపేశాం.” ఆయన ఆగాడు. “ఆ వడపోత చేసిందే లుకిత.”

త్రాసు పళ్ళెంలోంచి ఒక కాడ జారి బల్ల మీద పడింది. లుకిత దాన్ని తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

“మందుల చదువు చదివినదానివి,” అంది వెనింగ్. “అతిమధురం బీపీ పెంచుతుందని తెలీక తెచ్చావంటే నేను నమ్మను.”

“నమ్మమని నేనడిగానా?” లుకిత మొదటిసారి తలెత్తింది. “తెలిసే తెచ్చాను.”

హర్గో ద్వారబంధానికి ఆనించిన వీపు తీసి నిలబడ్డాడు.

“ఎందుకు, లుకితా?” అన్నాడు దనార్. ఆ గొంతులో కోపం లేదు, ఆరిపోయిన గొంతు.

“మా అమ్మ మీ ఉపన్యాసానికి వచ్చింది, డాక్టర్. ముందు వరుసలో కూర్చుంది. ఆకుల గొప్ప అంతా విని, మాత్రల డబ్బా సంచీలోంచి తీసి, ఇక ఇవి కూడా వేసుకోవాలా అని మిమ్మల్ని అడిగింది. మీకు గుర్తుందా?”

“మానేయమని నేను ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పలేదు.”

“చెప్పలేదు. నవ్వారు. అంతమందిలో ముసలావిడకి కాదని చెప్పడం బాగుండదని నవ్వి ఊరుకున్నారు. మా అమ్మ ఇంటికొచ్చి డబ్బా చెత్తలో పారేసింది. పక్షవాతం వచ్చి మంచాన పడింది, ఇప్పుడు ఆవిడ నోటి పక్కన కారేది నేను తుడవాలి.”

“నాతో ఒక్క మాట అనలేదే?”

“అంటే మళ్ళీ నవ్వేవారు. మీ కషాయం గెలిస్తే ఊరూరా నవ్వేవారు. ఊరికొక మా అమ్మ.” ఆమె కాడల్ని వరుసగా సర్దుతోంది. “ఎవరూ చావాలని కాదు. అంకెలు పెరగాలనుకున్నాను. పరీక్ష పోతుంది, అంతటితో సరి అనుకున్నాను.”

“సర్వోనో అంకె కాదు,” అన్నాడు దనార్.

“మా అమ్మా కాదు.”

హర్గో గొంతు సవరించుకున్నాడు. ఓడిపోతున్న చోటు వదిలి, గెలిచే చోటుకు నడిచినట్టు వరండా వైపు చెయ్యి చాచాడు. అక్కడ బల్ల చివర సుమిరా అలాగే కూర్చుని ఉంది.

“కథ బాగుంది. మరి ఆవిడ సంగతేమిటి? అందరితోపాటే కూర్చుంది, అందరూ తాగిందే తీసుకుంది. పోలీసు తల్లని ఆవిడకొక్కదానికే చెవిలో ఊదావా?”

“నేనా?” లుకిత మొహంలో మొదటిసారి కసి కనిపించింది. “నాకు అడ్డం పడిందే ఆవిడ. అందరికీ ఎక్కుతుంటే ఆవిడకి దిగుతూ పోయింది. ఆవిడ్ని చూపించి డాక్టరు పరీక్ష ఆపకుండా లాక్కొచ్చారు. అందుకే ఆవిడ గిన్నె నేను వేరే చేశాను. వేరు ఇగిరేదాకా కాచి, నల్లగా, చిక్కగా. అందరికన్నా నాలుగింతలు. మర్చిపోకుండా రోజూ నా చేత్తోనే ఇచ్చాను.” ఆమె వెనింగ్ వైపు తిరిగింది. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “ఆవిడకెందుకు ఎక్కలేదు, బు?”

వెనింగ్ వరండాలోకి వచ్చింది. తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. హర్గో వచ్చి పక్కన నిలబడ్డాడు, ఒక్క మాట కూడా వదలకూడదన్నట్టు.

“అమ్మా, కషాయం తర్వాత తీపి ఇచ్చేవాళ్ళు కదా. తాగావా?”

“ఇంగ్గి.”

“నాతో ఇంగ్గి అనకమ్మా. విన్నానని చెప్పడానికీ ఇంగ్గే, తప్పించుకోవడానికీ ఇంగ్గే. నీ నోట్లోకి వెళ్ళిందా లేదా?”

సుమిరా అటూ ఇటూ చూసింది. మందులగది గుమ్మంలో లుకిత నిలబడి ఉంది. ఆ అమ్మాయి వినకూడదని గొంతు తగ్గించింది.

“నాకు తీపి పడదని నీకు తెలుసుగా. పాపం, రెండు చేతులా తెచ్చిస్తుంటే వద్దంటే ఏం బాగుంటుంది? అటు తిరిగినప్పుడు పోసేసుకునేదాన్ని.”

“దేంట్లో?”

ముసలావిడ సంచీలోంచి సీసా తీసింది. పసుపు మూత మీద బాతు బొమ్మ. వెనింగే సోలో బజారులో కొన్నది. మూత తిప్పి అరచేతిలోకి వంచితే, అడుగున మిగిలింది మెల్లగా జారింది. నల్లగా, చిక్కగా ఉంది.

“పారబోయడానికి మనసొప్పలేదే. పిల్లకి ఇష్టం. సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి, ఉతీ, నా తీపేదీ అని ఈ అమ్మమ్మ కోసం గుమ్మంలో నిలబడేది.” సుమిరా ఆగింది. కూతురి మొహం చూసి ఆమె గొంతు సన్నబడింది. “నిలబడేది. ఈ వారం పడుకునే అడుగుతోంది.”

ముందు కాళ్ళు పోతాయి. పొద్దున్న గుమ్మం దగ్గర చతికిలబడ్డప్పుడు కినాంతి ఎందుకు ఏడవలేదో, చేతులు కూడా ఎందుకు చాచలేదో వెనింగ్‌కు ఇప్పుడు తెలిసింది. గట్టిగా పట్టి దింపిన చోట పిల్ల చంక కింద తన వేళ్ళు ఇంకా గుచ్చుకుంటున్నట్టనిపించింది.

మందులగది గుమ్మం దగ్గర చప్పుడైంది. లుకిత కాళ్ళు మడుచుకుని గోడవార కూలబడి ఉంది. “పిల్లా?” అంటోంది. “ఏ పిల్ల?”

ఫోన్ తీసేసరికి తెర మీద సోలో నంబరు మోగుతోంది, హర్గో పెట్టిన కబురు ఫలితం. వెనింగ్ దాన్ని కట్ చేసి పక్కింటి పార్తికి చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

“పార్తీ, కినాంతి ఏం చేస్తోంది?”

“పడుకునే ఉంది, బు. మీరేం కంగారు పడకండి, ఏ అల్లరీ లేదు. ఇందాక అరటిపండు ఇస్తే తీసుకుంది కానీ చేతిలోంచి జారిపోయింది. మళ్ళీ ఇస్తే మళ్ళీ జారిపోయింది. బద్ధకం మరీ ఎక్కువైంది పిల్లకి.”

“దాన్ని ఎత్తుకుని రోడ్డు మీదికి రా. నేనొస్తున్నా. ఏమీ తాగించకు. ఉతి ఇచ్చింది సీసాలో కానీ గిన్నెలో కానీ మిగిలితే అసలు తాగించకు.”

మసీదు నుంచి మధ్యాహ్నపు పిలుపు మొదలైంది. కింద, గియెమ్‌ని ఎక్కించడానికి తెచ్చిన జీపు ఇంజను అప్పటికే ఆన్‌లో ఉంది. హర్గో మెట్లు దిగి, డ్రైవరును చొక్కా పట్టి కిందికి లాగి, తనే చక్రం ముందు కూర్చున్నాడు. వెనింగ్ మొహం వైపు చూడలేదు.

“కేసు సంగతి జిల్లా ఆసుపత్రి నుంచి వచ్చాక మాట్లాడుకుందాం,” అన్నాడు. “నేను మిమ్మల్ని వదిలేశాననుకోకండి. ఎక్కండి.”

ఆమె సీసా గుప్పిట్లో పట్టుకుని ఎక్కింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల పార్తి చెప్పులు ఈడుస్తూ నడుస్తున్న చప్పుడు, ఆయాసం.

“కళ్ళు తెరిచింది, బు. మిమ్మల్నే అడుగుతోంది,” అంది పార్తి. ఆ తర్వాత ఆమె అడుగులు ఆగిపోయాయి. “కానీ ఇదేమిటి, బు, భుజాన వేసుకుంటే పిల్ల మెడ నిలవడం లేదు.”